జానెడు జానెడు జరిగిన తేనెపెట్టె

జైతూన్ బీ గురువారం నాడు తేనెపెట్టె మూత తియ్యదు. ఎవరింట్లోనైనా పిల్లవాడికి దగ్గు పట్టుకుని, వాళ్ళ తల్లి గిన్నె చేతబట్టుకుని వాకిట్లో నిలబడ్డా సరే తియ్యదు. సీసాలో ఉంటే వంచి ఇస్తుంది. లేకపోతే "రేపు రా బిడ్డా, ఇయ్యాల జుమ్మేరాత్" అని పంపేస్తుంది. వాళ్ళ ఇళ్ళలో గురువారాన్ని అలాగే అంటారు.

నారాయణఖేడ్ బస్టాండు వెనక గల్లీలో ఆమె ఇల్లు తెలియనివాళ్ళు లేరు. పెరటి గోడ వారగా దానిమ్మ చెట్ల నీడలో వరుసగా పెట్టెలు, ఆ పెట్టెల పీటల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, పొద్దున్నే గోడ మీదుగా బారులు తీరి ఎగిరే ఈగలు, అన్నీ గల్లీకి అలవాటైపోయాయి. గురువారం ముట్టకపోవడం ఒక్కటే ఎవరికీ అంతుపట్టదు. ఈగలకు కూడా సెలవిచ్చిందని నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది కానీ సంగతి చెప్పదు.

ఆ సంగతి మొదలైంది రెండువేల తొమ్మిది వానాకాలంలో.

జైతూన్ బీ పుట్టింది సిర్గాపూర్ వైపు ఒక పల్లెలో. రెండో తరగతి దాకా తెలుగు బడికి పోయింది. తర్వాత తమ్ముళ్ళను ఎత్తుకోవడానికి మనిషి కావలసి వచ్చి బడి మానేసింది. పెళ్ళయి ఖేడ్‌కు వచ్చాక ఆమె చూసిన ఊళ్ళు తక్కువ. భర్త అబ్దుల్‌కు బస్టాండు పక్కన పంక్చర్ దుకాణం. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చేతులకంటిన రబ్బరు నలుపు పండుగనాడు కూడా పూర్తిగా పోయేది కాదు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఇక లేరనుకున్నాక, మిస్బా పుట్టింది. ఒక్కతే బిడ్డ.

మిస్బా పదో తరగతి తర్వాత కుట్టుమిషన్ నేర్చుకుంది. వెనక వసారాలో, పెరట్లోని మునగచెట్టుకు ఎదురుగా మిషన్ వేసుకుని కూర్చునేది. గల్లీలో ఎవరింట్లో పెళ్ళయినా జాకెట్లు ఆమె దగ్గరికే వచ్చేవి. కుడుతున్నంతసేపూ నోరు మూసుకుని ముక్కుతో ఒక సన్నటి రాగం తీసేది. అది ఏ పాటో ఎవరికీ తెలిసేది కాదు, ఆమెకే తెలియదు. మిషన్ చక్రం చప్పుడు, ఆ రాగం, వంటింట్లో జైతూన్ బీ జొన్నరొట్టె కొట్టే చప్పుడు, మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండేవి. రాగం ఆగిందంటే దారం తెగిందన్నమాట. అప్పుడు తల్లి రొట్టె మీద నుంచి తల ఎత్తకుండానే కేకేసేది.

"తాగా టూట్యా క్యా గే?"

దారం తెగిందా ఏమే అని. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది ఆ ఉర్దూ మాటే. తెగితే "టూట్యా అమ్మీ" అనేది మిస్బా. ఊరికే ఆగి ఉంటే "నై టూట్యా, చల్రై" అనేది. తెగలేదు, నడుస్తుందని. ఇంత చిన్న మాట కోసం తల్లీకూతుళ్ళు రోజంతా గోడకు అటొకరు ఇటొకరు ఉండి పిలుచుకునేవాళ్ళు.

ఆ వానాకాలం మిస్బాకు జ్వరం వచ్చింది. ఖేడ్ దవాఖాన నుంచి సంగారెడ్డికి, సంగారెడ్డి నుంచి పట్నానికి తీసుకుపోయారు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఆమె పక్కన తల్లి కూర్చుని ఉంది. దారి పొడుగునా జైతూన్ బీ చెవి ఒగ్గి కూర్చుందని, ఏదో వినబడుతుందేమో అన్నట్టు కూర్చుందని ఆ బండిలో వచ్చినవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

తర్వాత ఇంట్లో మాట లేదు. అబ్దుల్ మిషన్ మీద గోనెసంచి కప్పేశాడు. కూతురి పేరు ఆ రోజు నుంచి అతని నోట రాలేదు. జైతూన్ బీ అడిగినదానికి తల ఊపేది, అంతే.

నలభయ్యో రోజు చాలీస్వా ఫాతెహాకు చుట్టాలంతా వచ్చారు. పెరట్లో వంటకు పెద్ద డేగ్‌లు పొయ్యి మీదికి ఎక్కించారు. నీళ్ళకోసం వెళ్ళిన అబ్దుల్ అక్క ఉన్నట్టుండి వెనక్కి తగ్గింది. మునగచెట్టు కింద బోర్లించి పెట్టిన పాత రంజన్ ఒకటుంది. నీళ్ళు పోసుకునే పెద్ద కుండ అది, మూతి పగిలిందని మిస్బానే దాన్ని చెట్టు కిందికి దొర్లించింది, మిషన్ దిగినప్పుడు దాని మీద కూర్చునేది. ఆ పగులులోంచి తేనెటీగలు లోపలికి పోతున్నాయి, వస్తున్నాయి. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో కాపురం పెట్టే చిన్న ఈగలు. ఎప్పుడు వచ్చాయో ఎవరూ చూడలేదు.

వచ్చినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. మునగచెట్టు ఇంట్లో ఉండరాదని, దాన్ని ఏవేవో పట్టుకుని ఉంటాయని ఒకరు. పొయ్యిలోని పిడక తెచ్చి పొగబెడితే పోతాయని ఒకరు. అబ్దుల్ అక్క అప్పటికే పిడక తీసింది. జైతూన్ బీ వసారాలోంచి లేచి వచ్చి రంజన్‌కు అడ్డంగా నిలబడింది. నలభై రోజులకు ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"ముట్టకుండ్రి."

ఎందుకన్నదో ఆమె ఎవరికీ చెప్పలేదు. రంజన్ దగ్గరికి వచ్చినప్పుడు ఆమెకు లోపలి నుంచి ఆ చప్పుడు వినబడింది. మట్టికుండ లోపల ఈగల రొద గుమ్మని, సన్నగా, నోరు మూసుకుని తీసినట్టుగా ఉంది. ఏ పాటో తెలియని రాగం.

అప్పటి నుంచి ఆమె పగలంతా రంజన్ ఎదుటే. అన్నం వండేది, వచ్చి కూర్చునేది. గోడకు అవతలి ఇంటి నీలాంబిక ఇదంతా చూస్తూనే ఉంది. నీలాంబిక వాళ్ళు కన్నడం మాట్లాడే లింగాయతులు. భర్త విరుపాక్షప్ప పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. కిరాణం కొట్టు, మనవరాలు, మోకాళ్ళ నొప్పి, వీటితో ఆమెకు పొద్దు గడిచిపోయేది. మిస్బా కుట్టిన జాకెట్టు ఒంటిమీద ఉండగానే గోడ మీదుగా తల పెట్టి, "జైతూన్, ఈగలకు కాపలా కూసున్నవా, ఈగలు నీకు కాపలా కూసున్నయా?" అని అడిగేది. జైతూన్ బీ ముఖంలో నవ్వులాంటిది ఏదైనా వస్తుందేమోనని ఆమె ఆశ.

ప్రతి గురువారం సాయంత్రం పోయినవాళ్ళు ఇంటి గుమ్మం దాకా వస్తారని, తమను తలుచుకునేవాళ్ళు ఉన్నారో లేరో చూసి పోతారని జైతూన్ బీ పుట్టింట్లో చెప్పేవాళ్ళు. వాళ్ళకు దారి తెలియాలని లోబాన్ పొగ వేస్తారు. లోబాన్ అంటే సాంబ్రాణే. మామూలుగా అయితే ఆ పొగ గదిలో, గుమ్మంలో వేస్తారు. జైతూన్ బీ మాత్రం మట్టి ధూపదానిలో నిప్పులు వేసుకుని, గుప్పెడు లోబాన్ చల్లి, నేరుగా మునగచెట్టు కిందికి తీసుకుపోయేది. మిస్బా వచ్చి కూర్చున్న చోటు అదే అయినప్పుడు పొగ ఇంకెక్కడ వేస్తుంది? రంజన్ పగులుకు దగ్గరగా, ఇంకా దగ్గరగా పట్టుకునేది. లోపల రొద ఒక్కసారి పెద్దదయ్యేది. బిడ్డ గుర్తుపట్టింది అనుకునేది.

కొన్ని గురువారాలు గడిచాక ఒక శుక్రవారం పొద్దున రంజన్‌లో చప్పుడు లేదు. వంగి చూస్తే లోపల తేనెపట్టు ఉంది, ఈగలు లేవు.

ఆ రోజు జైతూన్ బీ చెయ్యి నేలకానించి రంజన్‌కు చెవి పెట్టింది. ఖాళీ కుండకు కూడా ఒక హోరు ఉంటుంది. అది కుండలోనిదో, తన చెవిలోనిదో ఆమెకు తేలలేదు. సాయంత్రం అబ్దుల్ దుకాణం నుంచి వచ్చేదాకా అలాగే ఉంది. అతను వచ్చి చూసి, లోపలికి పోయి, దీపం పెట్టుకున్నాడు.

వారం తిరిగేసరికి నీలాంబిక తన తమ్ముణ్ణి పిలిపించింది. మహంతేష్‌ది నాగల్‌గిద్ద. కంది చేలో తేనెపెట్టెలు పెట్టుకున్నాడు, ఆ పని బీదర్ వైపు ఎవరి దగ్గరో నేర్చుకున్నాడు. కంది పూతకు ఈగలు వాలితే కాయ బాగా పడుతుందని అతని లెక్క. మనిషి హుషారు, అక్క అంటే ప్రాణం. ఒక చలికాలపు సాయంత్రం ఈగలతో ఉన్న చెక్కపెట్టె ఒకటి గుడ్డలో కట్టుకుని బస్సులో తెచ్చాడు. కండక్టర్ అడిగితే గ్రామఫోను అని చెప్పాడట. గుడ్డలోంచి రొద వస్తుంటే కండక్టర్ కాదనలేకపోయాడట.

పెట్టె దేనిమీద పెట్టాలా అని వెతుకుతుంటే జైతూన్ బీ వసారాలోకి పోయి మిషన్ ముందున్న పీట తెచ్చింది. నాలుగు కాళ్ళ పీట, మిస్బా కూర్చునేది. చీమలెక్కకుండా ఒక్కో కాలి కింద ఒక్కో నీళ్ళ గిన్నె పెట్టించాడు మహంతేష్. పెట్టె ముఖం తూర్పుకు ఉండాలన్నాడు, పొద్దుటి ఎండ వాకిట్లో పడితే ఈగలు తొందరగా పనికి లేస్తాయట. వాకిలికి ఎదురుగా మనిషి నిలబడకూడదు, పక్క నుంచి రావాలి. అత్తరు రాసుకుని రాకూడదు. మూత తీసేటప్పుడు ఊపిరి దాని మీద పడకూడదు. పూలు లేని రోజుల్లో చక్కెర నీళ్ళు పెట్టాలి. లోపలి చట్రాలు ఒక్కొక్కటే పైకెత్తి చూపించి, మిగిలిన ఈగల కంటే పొడుగ్గా ఉన్న రాణీగను చూపించాడు.

"హెదరబ్యాడ అక్కా," అన్నాడు. భయపడకు అని. "గిదొక్కటి ఉన్నంతసేపు ఇల్లు నిలుస్తది. మా అక్క లెక్కనే, కూసున్న కాడ్నుంచి అందర్ని ఉరికిస్తది."

నీలాంబిక గోడ మీద నుంచి వంగి తమ్ముణ్ణి తిట్టబోయింది. అంతలో ఒక ఈగ ఆమె పై పెదవి మీద కుట్టింది. పెదవి బొబ్బట్టులాగా ఉబ్బింది. జైతూన్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతున్నదో ఏడుస్తున్నదో వాళ్ళకు తెలియలేదు కానీ, భుజాలు కదలడం మాత్రం చూశారు.

అబ్దుల్ ఆ సాయంత్రం పెరట్లోకి వచ్చాడు. పెట్టెను చూశాడు, దాని కింది పీటను చూశాడు. తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత చాలా రోజులు పెరటి తలుపు దాటలేదు. కాళ్ళు కడుక్కోవడానికి కూడా ముందు వాకిట్లోకే పోయేవాడు.

జైతూన్ బీ పెట్టెను పసిబిడ్డలా చూసుకుంది. గోడ వెంట దోస తీగ, సొర తీగ పాకించింది. సబ్జా మొక్కలు వేసింది. మునగ పూతకొచ్చింది. ఈగలు కాళ్ళకు పసుపు పుప్పొడి అంటించుకుని వచ్చి వాలుతుంటే పెళ్ళికూతురి పాదాల్లా ఉండేవి. చెప్పినవన్నీ చేసింది. గురువారం సాయంత్రం లోబాన్ మాత్రం మానలేదు. అది ఈగలకు చేసే పని అని ఆమె అనుకోనేలేదు కదా. అది మిస్బాకు చేసేది. పీట ముందు ధూపదాని పెట్టి, పొగ వాకిట్లోకి పోయేట్టు కొంగుతో విసిరేది. లోపల రొద పెరిగేది. ఆమె కళ్ళు మూసుకునేది.

ఎండలు ముదరకముందే ఒక శుక్రవారం ఆ పెట్టె కూడా ఖాళీ అయింది.

మహంతేష్ వచ్చి పెట్టె ఊడదీసి చూశాడు. మైనపు పురుగు లేదు. చీమ లేదు. నీళ్ళున్నాయి, నీడ ఉంది, తిండి ఉంది. ఏమేం చేశావక్కా అని అడిగితే ఆమె చేసినవన్నీ చెప్పింది. చక్కెర నీళ్ళు చెప్పింది, గిన్నెల్లో నీళ్ళు మార్చడం చెప్పింది. లోబాన్ సంగతి చెప్పాలని ఆమెకు తోచలేదు. పిల్లకు జ్వరమొస్తే నమాజు చేశావా అని డాక్టరు అడగడు, మనం చెప్పం, అదీ అలాంటిదే. అతను తల గోక్కుని, వానాకాలం తర్వాత ఇంకొకటి తెస్తానన్నాడు. అది కూడా నిలవకపోతే ఈ చోటు వాటికి పడదన్నమాటే, మళ్ళీ తీసుకురానని ముందే చెప్పాడు.

గల్లీలో మాట పుట్టింది. ఆ మునగచెట్టు కింద ఏదో ఉందని, దాన్ని చూసి ఈగలే పారిపోయాయని అన్నారు. జైతూన్ బీకి అది చెవిన పడింది. ఆమె భయం వేరు. ఉన్నది ఏదో కాదు, తన బిడ్డే. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లు విడిచి వెళ్ళింది. ఇంట్లో ఏం తక్కువైందో చెప్పకుండా వెళ్ళింది. పోయిన మనిషి అలిగితే ఎవరిని పంపి పిలిపిస్తాం?

ఇంకొక భయం ఉంది, అది ఎవరికీ చెప్పలేనిది. మిస్బా గొంతు ఆమెకు మెల్లమెల్లగా మరపుకొస్తున్నది. ముఖం మరిచిపోలేదు, ఫోటో ఉంది. గొంతుకు ఫోటో లేదు. రొట్టె కొడుతూ ఆ రాగాన్ని మనసులో తీయబోతే అది సగంలో జారిపోయేది. ఈగల రొద వింటున్నప్పుడు మాత్రం మొదటి నుంచి చివరిదాకా గుర్తుకొచ్చేది. ఈసారి వచ్చే పెట్టె కూడా పోతే ఆ గొంతు ఇక ఎప్పటికీ తన దగ్గర ఉండదని ఆమెకు తెలుసు.

వానలు వెళ్ళాక, కంది పూత మొదలయ్యే రోజుల్లో, మహంతేష్ రెండో పెట్టె తెచ్చాడు. మళ్ళీ అదే పీట, అదే చెట్టు కింద. రెండు మూడు గురువారాలు గడిచాయి. ఈసారి ఆమె లోబాన్ మరింత ఎక్కువ చల్లింది, అలిగిన బిడ్డను బతిమాలుకున్నట్టు.

ఆ తర్వాతి గురువారం మహంతేష్ సంతకు వచ్చి, బస్సు తప్పిపోయి అక్క ఇంట్లో ఆగిపోయాడు. పొద్దు గుంకే వేళ గోడ అవతల కాళ్ళు కడుక్కుంటుంటే పొగ వాసన వచ్చింది. గోడ మీదుగా చూశాడు. పెట్టె పొగలో మునిగి ఉంది. దాని ముందు జైతూన్ బీ కొంగుతో విసురుతున్నది. అతను చెంబు అక్కడే వదిలేసి చుట్టూ తిరిగి వచ్చాడు. పెరటి తలుపు దగ్గర నిలబడి, గట్టిగా అరవాలో వద్దో తెలియక, మెల్లగానే అడిగాడు.

"అక్కా, ఏం చేస్తున్నవు?"

"బిడ్డొచ్చే యాళ్ళ, తమ్మీ. ఇగో, గుర్తుపట్టింది."

మహంతేష్ వచ్చి ధూపదానిని తన చేతులతో ఎత్తి, కాలుతున్నా అలాగే పట్టుకుని, వసారా అవతల పెట్టి వచ్చాడు. తర్వాత పెట్టె పక్కన గొంతుక్కూర్చుని ఆమెకు చెప్పాడు. పొగ తగిలితే ఈగలు ఇల్లు అంటుకుందనుకుంటాయి. అడవిలో మంట చూసిన జన్మ వాటిది. దాచుకున్న తేనె కడుపు నిండా తాగి పారిపోవడానికి తయారవుతాయి. ఎప్పుడో ఒకసారి అయితే ఓర్చుకుంటాయి. ప్రతి వారం అయితే ఇక ఇది ఉండే ఇల్లు కాదని రాణీగను తీసుకుని పోతాయి. పొగకు రొద పెరిగేది సంతోషంతో కాదు.

"అది గుర్తుపట్టుడు కాదక్కా," అన్నాడు. "బెదురుడు."

జైతూన్ బీ నేల మీద కూర్చుండిపోయింది. ఇన్ని గురువారాలు తను దగ్గరగా, ఇంకా దగ్గరగా పట్టుకున్న పొగ ఆమె కళ్ళ ముందు తిరిగింది. పిలుస్తున్నాననుకుంది. తరుముతూ వచ్చింది.

అప్పటికి నీలాంబిక కూడా వచ్చింది. పొగ మానెయ్యమని తమ్ముడు అంటున్నాడు, లేకపోతే పెట్టెను ఆ మూలకు, దానిమ్మ కిందికి జరపాలంటున్నాడు. జైతూన్ బీ నీలాంబిక కొంగు పట్టుకుంది.

"పొగ బంద్ చేస్తే నా బిడ్డ ఇల్లెట్ల గుర్తుపడ్తది నీలక్కా? చీకట్ల వచ్చి గుమ్మం దొరకక మళ్ళిపోతే?"

నీలాంబిక ఆమె పక్కన, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా కిందనే కూర్చుంది. తమ దగ్గర పోయినవాళ్ళకు తిథి పెట్టరని, విరుపాక్షప్పను చేను గట్టు మీద కూర్చోబెట్టి, చేతిలో లింగం పెట్టి మట్టి కప్పారని, ఆ తర్వాత ఇప్పటిదాకా ఆయనను ఏ రోజూ పిలవలేదని చెప్పింది. మొదట్లో తనకూ అది కష్టంగానే ఉండేదని కూడా చెప్పింది.

"మేం పిలువం జైతూన్. పోయిండనుకుంటె కద పిలిచేది. జొన్నలు దంచుతుంటె పక్కనే ఉండి, మెత్తగ దంచు అంటడు. సచ్చినంక గూడ సతాయించుడు ఇడువలే."

జైతూన్ బీ నవ్వలేదు. కానీ లేచి, పెట్టెను జరుపుదామన్నది. పొగను మాత్రం వదులుకోలేనన్నది.

పెట్టెను ఒక్కసారిగా ఆ మూలకు మోసుకుపోతే పనికిరాదట. ఈగలు తమ వాకిలి ఉన్న చోటును మనసులో పెట్టుకుని ఎగురుతాయి. సాయంత్రం పని నుంచి వచ్చినవి పాత చోటే వెతుక్కుని, ఇల్లు కనబడక అక్కడక్కడే రాలిపోతాయి. అందుకని పొద్దు గుంకి అన్నీ లోపలికి చేరాక, రోజుకు జానెడు మాత్రమే జరపాలి. మునగ నుంచి దానిమ్మ దాకా ఎన్ని జానలుంటే అన్ని రోజులు. చేరేదాకా పొగ అసలే వద్దు. పీటను, పెట్టెను కలిపి ఎత్తాలి, కుదుపు తగలరాదు. ఒక్కరితో అయ్యే పని కాదు.

మహంతేష్ నాగల్‌గిద్ద వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దు గుంకాక నీలాంబిక మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని పెరట్లోకి వస్తుంటే, ఆమె కంటే ముందే పెరటి తలుపు తెరుచుకుంది. అబ్దుల్ వచ్చాడు. రాత్రి జరిగిన మాటలన్నీ లోపలి నుంచి విన్నట్టున్నాడు. చేతులు లుంగీకి తుడుచుకుని, పీటకు ఒక పక్క పట్టుకున్నాడు. మిస్బా కూర్చుని కూర్చుని నున్నబడ్డ పక్క. భార్య వైపు చూసి, పట్టు అన్నట్టు తల ఊపాడు. ఇద్దరూ కలిసి జానెడు జరిపారు. గిన్నెలు కూడా జానెడు జరిపారు. అతను లోపలికి పోయి నమాజు చేసుకున్నాడు.

అప్పటి నుంచి రోజూ అదే పని. పొద్దున్నే జైతూన్ బీ లేచి చూసేది. పెట్టెలోంచి బయటికొచ్చిన ఈగలు వెంటనే ఎగిరిపోకుండా, వెనక్కి తిరిగి, పెట్టె ముఖం చూస్తూ గాలిలో అటూ ఇటూ ఊగేవి, ఇల్లు ఎక్కడికొచ్చిందో గుర్తు పెట్టుకుంటున్నట్టు. పనికి పోయి వచ్చిన వాటిలో కొన్ని ముందుగా నిన్నటి చోటుకే వెళ్ళేవి. వాకిలి ఉండిన ఎత్తులోనే, ఏమీ లేని గాలి ముందు ఆగి, కాసేపు చుట్టూ తిరిగి, ఆ తర్వాత జానెడు పక్కకు వచ్చి లోపలికి పోయేవి. ఆ ఖాళీ గాలి ముందు ఈగలు ఆగినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగేది. తనూ వసారాలో మిషన్ ముందుకు వెళ్ళి అలాగే ఆగుతుంది. పక్కకు రావడమే ఇంకా రాలేదు.

పొగ లేని మొదటి గురువారం గడవడం కష్టమైంది. ఆమె గుమ్మంలో చెంబుతో నీళ్ళు, గిన్నెలో రొట్టె, బెల్లం నలిపిన మలీదా పెట్టుకుని కూర్చుంది. గాలి వచ్చి తలుపు కొట్టుకుంటే లేచింది. బజారు నుంచి వచ్చే వెలుతురు గోడ మీద కదిలితే లేచింది. వచ్చి, వాసన లేక, ఇది కాదనుకుని ముందుకు పోయిందేమో. పక్కింటి గుమ్మాలన్నీ చూసుకుంటూ పోయిందేమో. ఆ సాయంత్రం కూడా అబ్దుల్ వచ్చి పీట పట్టుకున్నాడు. ఆమె పట్టు జారి పెట్టె ఒకవైపు వంగింది. అతను రెండో చేత్తో ఆపి, ఆమె చెయ్యి సరిగా దొరికేదాకా అలాగే మోస్తూ నిలబడ్డాడు. మలీదా వాళ్ళిద్దరే తిన్నారు.

చలి ముదిరే నాటికి పెట్టె దానిమ్మ కిందికి చేరింది. మహంతేష్ వచ్చి చూసి, మూత తీసి, రాణీగ ఉందని, గుడ్లు పెడుతున్నదని చెప్పిపోయాడు. ఇక పొగ వేసుకోవచ్చు, కానీ గాలి ఎటు ఉందో చూసుకొమ్మన్నాడు, పొగ వేసే రోజు పెట్టె మూత మాత్రం ముట్టొద్దన్నాడు.

ఆ గురువారం సాయంత్రం అసర్ నమాజు కాగానే జైతూన్ బీ నిప్పులు చేసింది. గాలి దానిమ్మ వైపు నుంచి ఇటు వీస్తున్నది. అయినా ధూపదాని ఎత్తుకుని మునగచెట్టు దాకా నడవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. చెట్టు కింద పీట కాళ్ళు ఉండిన నాలుగు గుంటలు ఇంకా మట్టిలో కనబడుతున్నాయి. వాటి నడుమ ధూపదాని పెట్టింది. గుప్పెడు కాదు, చిటికెడు లోబాన్ వేసింది. పొగ నిటారుగా లేచి, వసారా వైపు, మిషన్ వైపు తిరిగింది. అబ్దుల్ ఎప్పుడు వచ్చాడో, దానిమ్మ కింద పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు, వాకిలికి ఎదురుగా కాకుండా పక్కగా.

ఆమె లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుని రొట్టె మొదలుపెట్టింది. కిటికీలోంచి పొగ వాసన వస్తున్నది. సాయంత్రం పూట ఈగలు రెక్కలతో తేనెను ఆరబెట్టుకుంటాయి, అప్పుడు రొద పెరుగుతుంది. అంత దూరం నుంచి కూడా అది సన్నగా వినబడుతున్నది. రొట్టె చప్పుడు దానిలో కలిసింది. రాగం మొదటి నుంచి చివరిదాకా గుర్తుకొస్తున్నది, మిస్బా ఊపిరి తీసుకునే చోటుతో సహా.

ఉన్నట్టుండి అది ఆగింది. గాలి మళ్ళిందో, చెవే మొద్దుబారిందో తెలియదు. ఏమీ వినబడలేదు. జైతూన్ బీ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. పొగ అటు పోయింది, అవి లేచిపోతున్నాయి అనుకుంది. ఏడాది పైగా ఆ ఇంట్లో పలకని మాట, ఆమె అనుకోకుండానే గొంతులోంచి వచ్చేసింది.

"తాగా టూట్యా క్యా గే?"

ఆమె తన మాట తనే విని బెదిరింది. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

అప్పుడు దానిమ్మ కింది నుంచి, చాలాకాలం వాడని గొంతుతో, అబ్దుల్ బదులిచ్చాడు.

"నై టూట్యా," అన్నాడు. వంగి పెట్టెకు చెవి పెట్టి, "చల్రై" అన్నాడు.